‘ఒక్క సంతకం పెడితే ఖాళీ చేయించవచ్చు కదా అక్కా!’

ఉత్తరం నాలుగు పేజీలుంది. పేరు, ఊరు వేయవద్దని రాసినామె కోరారు. కుదించి చెబుతున్నాను.

ఆమెది గుంటూరు వైపు. పెళ్లయి ఇంగ్లండ్ వెళ్లి పద్నాలుగేళ్లు. మిడ్‌లాండ్స్‌లో ఒక హౌసింగ్ అసోసియేషన్‌లో ఆరేళ్లుగా హౌసింగ్ ఆఫీసర్. (బయటి అద్దెలు భరించలేనివారికి తక్కువ అద్దెకు ఇళ్లిచ్చే కౌన్సిళ్లను, అంటే మన మునిసిపాలిటీల్లాంటి వాటిని, ఇలాంటి సంస్థలను అక్కడ సోషల్ ల్యాండ్‌లార్డులు అంటారు.) ఆమె చూసే ఇళ్లలో 24 ఫ్లాట్ల బ్లాక్ ఒకటుంది. దాని గ్రౌండ్ ఫ్లోర్‌లో యాభై దాటిన ఒక మనిషి ఒంటరిగా ఉంటాడు. తొమ్మిదేళ్లుగా ఉంటున్నాడు. అద్దె బాకీ లేదు, ఫిర్యాదు లేదు. డిప్రెషన్‌కు మందులు వాడుతున్నట్టు పాత ఫైల్లో ఒక మాట ఉంది. కిందటి అక్టోబరు నుంచి ఆ ఫ్లాట్‌కు అర్ధరాత్రి దాటాక జనం వచ్చిపోతున్నారు. తలుపులు బాదడం, అరుపులు, మెట్ల మీద గంజాయి వాసన. బ్లాక్ మెయిన్ డోర్ తాళం రెండుసార్లు విరిగింది.

సరిగ్గా పై ఫ్లాట్‌లో ఒక తెలుగు కుటుంబం. భార్య నర్సు, భర్తకు వేర్‌హౌస్‌లో ఉద్యోగం, ఇద్దరు పిల్లలు, అతని తల్లి. తెలుగు సంఘంలో పరిచయం ఉండడంతో అతను ఈమెను అక్కా అంటాడు. ఆఫీసుకు కాకుండా ఈమె సొంత ఫోన్‌కే వాట్సాప్‌లో 31 మెసేజ్‌లు పెట్టాడు. “మన హైదరాబాద్‌లో అయితే ఓనరు రెండు రోజుల్లో సామాను బయట పడేసేవాడు. మీరు ఒక్క సంతకం పెడితే ఖాళీ చేయించవచ్చు కదా అక్కా” అన్నది అందులో ఒకటి. ఇంతలో కింది ఫ్లాట్ పేరు మీద ఎదురు ఫిర్యాదు వచ్చింది: పై వాళ్లు ఉదయం ఆరింటికే మిక్సీ వేస్తారు, పిల్లలు పరిగెడతారు అని. మేనేజరేమో “నోటీసు ఇచ్చేయ్, కోర్టు చూసుకుంటుంది” అంటున్నాడు. ఈమె ఆ ఫ్లాట్‌కు రెండుసార్లు వెళ్లారు. మొదటిసారి ఎవరూ తలుపు తీయలేదు. రెండోసారి ఇరవై ఏళ్ల కుర్రాడొకడు తీశాడు. వెనకాల టెనెంట్ నిలబడి ఉన్నాడు, బాగా చిక్కిపోయాడు, ఇంట్లోనే కోటు వేసుకుని ఉన్నాడు. “అంతా బాగానే ఉంది” అన్నాడట, కుర్రాడి వైపు చూస్తూ.

అప్పటి నుంచి నిద్ర పట్టడం లేదట. ఉద్యోగం మానేయమని భర్త అంటున్నారు. ఆమె ప్రశ్న: “ఆయన్ని ఖాళీ చేయించాలా, కాపాడాలా? జాలి పడుతున్నానంటే నేను చేతకాని ఆఫీసర్‌నా?” ఉగాది భోజనం గురించి చివర్లో ఒక చిన్న ప్రశ్న కూడా అడిగారు. దానికి చివర్లోనే జవాబిస్తాను.

*

అమ్మా, నేనూ ఒకప్పుడు ఈ ఉద్యోగం చేశాను. అందుకే మీ ఉత్తరంలో మెసేజ్‌ల సంఖ్య దగ్గర కాదు, ఆ కోటు దగ్గర ఆగాను. తన ఇంట్లో తాను కోటు విప్పకుండా నిలబడిన మనిషి, అడిగినదానికి ఇంకొకరి ముఖం చూసి జవాబు చెప్పిన మనిషి. తలుపు తీసింది ఆయన కాదు. మీరు వాటిని గమనించారు, గుర్తుపెట్టుకున్నారు, రాశారు. చేతకాని ఆఫీసర్ అయితే “టెనెంట్‌తో మాట్లాడాను, సమస్య లేదన్నారు” అని ఒక లైను రాసి ఫైలు మూసేసేది.

కోకిల కాకి గూట్లో గుడ్డు పెడుతుందని మనకు చిన్నప్పుడే తెలుసు. మీ దేశంలో పోలీసులు, హౌసింగ్ వాళ్లు వాడే కక్కూయింగ్ అన్న మాట కూడా ఆ పక్షి పేరు మీద వచ్చిందే. ఒంటరిగా ఉండేవాళ్లు, జబ్బుతోనో తాగుడుతోనో బలహీనపడ్డవాళ్లు ఎక్కడున్నారో డ్రగ్స్ అమ్మేవాళ్లు వెతుక్కుంటారు. మొదట స్నేహంగా వస్తారు, ఓ సిగరెట్టో, ఇరవై పౌండ్లో ఇస్తారు. తర్వాత తాళంచెవి వాళ్ల దగ్గర ఉంటుంది, ఫోన్ వాళ్ల దగ్గర ఉంటుంది, ఇంటాయన సోఫా మీదికో బయటికో వెళ్లిపోతాడు. తొమ్మిదేళ్లు గొంతు వినిపించని మనిషి ఒక్కసారిగా అర్ధరాత్రి పార్టీలు మొదలుపెట్టడం అరుదు. మిక్సీ మీద ఫిర్యాదు ఆయనే పంపాడని కూడా నేను నమ్మను. ఫైల్లో పాత ఉత్తరాలుంటే ఆయన రాసే తీరుతో పోల్చి చూడండి.

అలాగని ఇది ఖాయం అనుకోకండి. ఆయన డబ్బు కోసం ఒప్పుకునే ఇల్లు ఇచ్చి ఉండవచ్చు. ఆ కుర్రాడు ఆయన మేనల్లుడే కావచ్చు. మొదట భయంతో ఒప్పుకుని, తర్వాత ఆ డబ్బుకు అలవాటుపడి ఉండవచ్చు. నేను చూసినవాటిలో ఎక్కువ ఈ మూడో రకమే. అందుకే ‘కాపాడాలా, ఖాళీ చేయించాలా’ అన్న మీ ప్రశ్నకు ఇవాళ జవాబు లేదు. ఇవాళ జవాబున్న ప్రశ్న వేరే: ఆ ఇంట్లో అసలు ఎవరుంటున్నారు?

అది తెలుసుకోవడానికి మళ్లీ ఒంటరిగా వెళ్లకండి. దీనిమీద బేరం లేదు. మీ ప్రాంతపు పోలీసు బృందానికి మీరు చూసింది చూసినట్టు రాయండి, మీ అనుమానాన్ని అనుమానంగానే రాయండి. అదే రోజు కౌన్సిల్ అడల్ట్ సోషల్ కేర్ (పెద్దవాళ్ల సంరక్షణ) విభాగానికి సేఫ్‌గార్డింగ్ రిఫరల్, అంటే ఈ మనిషికి రక్షణ అవసరమేమో చూడమన్న కాగితం, పంపండి. సొంతంగా రక్షించుకోలేని పెద్దవాళ్లకు హాని జరుగుతోందన్న అనుమానం ఉంటే విచారించాల్సిన బాధ్యత 2014 నాటి కేర్ యాక్ట్ కౌన్సిల్ మీద పెట్టింది. ఆయన్ని కలవడానికి ఆయన ఇల్లే అక్కర్లేదు. గ్యాస్ సేఫ్టీ చెక్ గురించో, అద్దె సాయం కాగితం గురించో ఆఫీసుకు పిలవండి. వస్తే, ఎవరైనా వెంట వస్తే, వాళ్లను రిసెప్షన్‌లో కూర్చోబెట్టండి. పది నిమిషాలు ఆయన ఒక్కడే మీ ఎదుట ఉంటే చాలు. ప్రశ్నలు తొందరపడి అడగవద్దు. “ఈ మధ్య రాత్రుళ్లు ఎక్కడ పడుకుంటున్నారు?” అని అడగండి. ఈ ప్రశ్నతో తెలిసేంత “ఎవరైనా ఇబ్బంది పెడుతున్నారా?” అంటే తెలియదు.

ఇక సంతకం సంగతి. మీ తమ్ముడి వరస అబ్బాయికి ఈ ముక్క మీరే చెప్పండి. ఇంగ్లండ్‌లో కోర్టు ఉత్తర్వు లేకుండా ఇలాంటి టెనెంట్‌ను బయటికి గెంటడం నేరం. 1977 నుంచి దానికి ప్రత్యేక చట్టమే ఉంది. మీ సంతకానికే కాదు, మీ సంస్థ పెద్ద సంతకానికి కూడా ఆ బలం లేదు. హైదరాబాద్ ఓనరు చేస్తాడని అతను చెప్పిన పని అక్కడ కూడా చట్టం ఒప్పుకున్నది కాదు, జరుగుతుంది, అంతే. అతనికి కోపం వస్తుంది. రానివ్వండి. ఇప్పుడు నిజం చెబితే వచ్చే కోపం కంటే, ఆరు నెలలు “చూస్తున్నాం” అని చెప్పాక వచ్చే కోపం పెద్దది.

మేనేజరు చెప్పిన దారి చూద్దాం, అది తప్పు దారేమీ కాదు. 1988 హౌసింగ్ యాక్ట్‌లో గ్రౌండ్ 14 అనే కారణం ఒకటుంది. టెనెంట్ గానీ, ఇంట్లో ఉండేవాళ్లు గానీ, ఆ ఇంటికి వచ్చిపోయేవాళ్లు గానీ చుట్టుపక్కలవాళ్లను ఇబ్బంది పెడితే ఇల్లు తిరిగి ఇప్పించమని కోర్టును అడగవచ్చు. ‘వచ్చిపోయేవాళ్లు’ అన్న మాట గమనించారా? అంటే ఆయన ఒక్క అరుపు అరవకపోయినా ఆయన ఇల్లు పోవచ్చు. 2010లో మాంచెస్టర్ సిటీ కౌన్సిల్ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అక్కడ గొడవలన్నీ ప్రధానంగా టెనెంట్ భాగస్వామివి, పిల్లలవి. చివరికి కౌన్సిలే గెలిచింది. కానీ అదే తీర్పులో కోర్టు ఇంకో మాట కూడా చెప్పింది. ఒక మనిషి ఇల్లు తీసేసుకునేటప్పుడు అది తగినంత శిక్షేనా, మించిపోయిందా అన్నది జడ్జి తూచవలసిందేనని.

గ్రౌండ్ 14 కింద జడ్జి ఆర్డర్ ఇచ్చి తీరాలని లేదు. పొరుగువాళ్ల బాధను లెక్కలోకి తీసుకుంటాడు, అలాగే మీరు అంతకుముందు ఏం చేశారో అడుగుతాడు. ఆయన డిప్రెషన్ అంగవైకల్యం కిందికి వచ్చేంత తీవ్రమైనదైతే 2010 ఈక్వాలిటీ యాక్ట్ కూడా బల్ల మీదికి వస్తుంది. అవతలి లాయరు మీ పాత ఫైల్లోని ఆ ఒక్క మాటను బయటికి తీసి, “ఇది తెలిసి కూడా ఏం సహాయం చేశారు?” అంటాడు. జవాబు లేకపోతే కేసు వాయిదాల మీద వాయిదాలు. ఆర్డర్ వచ్చినా ‘సస్పెండెడ్’ అంటే, ఈసారికి ఉండనిస్తాం, మళ్లీ తప్పు చేస్తే పో అన్నట్టు రావచ్చు. నిజంగా ఖాళీ చేయించేసరికి నెలలు, ఒక్కోసారి ఏడాది పైనే పడుతుంది. ఆ ఏడాదంతా పైన పిల్లలు ఆ చప్పుళ్ల మీదే నిద్రపోవాలి.

ఖాళీ చేయించాక ఏమవుతుందన్నది కూడా ఆలోచించండి. గొడవ చేసి ఇల్లు పోగొట్టుకున్నవాళ్లను ‘కావాలనే ఇల్లు లేకుండా చేసుకున్నారు’ అని కౌన్సిల్ తేల్చవచ్చు. అలా తేలిస్తే మళ్లీ శాశ్వతంగా ఇల్లు ఇవ్వాల్సిన బాధ్యత దానికి ఉండదు. ఆయనకు ఆ వయసులో, ఆ ఆరోగ్యంతో, వీధి. ఆ కుర్రాడికి మాత్రం ఏ నష్టమూ లేదు, ఇంకో గూడు చూసుకుంటాడు. చాలా ఏళ్ల కింద నేను పద్నాలుగు నెలలు తిరిగి ఒకడిని ఖాళీ చేయించాను. ఆఫీసులో కేకు కోశారు. మూడు వారాలకు అతను రెండు వీధుల అవతల, మా సంస్థదే ఇంకో బ్లాకులో, స్నేహితుడి సోఫా మీద తేలాడు. అక్కడి నుంచి ఫిర్యాదులు మొదలయ్యాయి. ఫైలు నంబరే మారింది.

అందుకని నేను ముందుగా చూడమనేది, పొరుగువాళ్లను వేధించే ప్రవర్తన మీద 2014లోనే వచ్చిన మరో చట్టం (యాంటీ సోషల్ బిహేవియర్, క్రైమ్ అండ్ పోలీసింగ్ యాక్ట్) ఇచ్చిన రెండు పనిముట్లు.

మొదటిది ఇంజంక్షన్, అంటే ఫలానా పని చేయకూడదని కోర్టు ఇచ్చే ఉత్తర్వు. మీ సంస్థే నేరుగా కోర్టుకెళ్లి అడగవచ్చు. నేరం కేసుల్లోలా అనుమానానికి తావులేకుండా రుజువు చేయాల్సిన పని లేదు, ఎక్కువ శాతం నిజమని తేలితే చాలు. దీన్ని టెనెంట్ మీదే తెచ్చుకోవాలని లేదు, ఆ కుర్రాడి మీద తెచ్చుకోవచ్చు. పేరు తెలియాలి, అందుకే పోలీసులు కావాలి. ‘ఆ బ్లాకు గేటు దాటి లోపలికి రాకూడదు’ అని కోర్టు చెప్పవచ్చు. హింస ఉంటే, లేక బెదిరింపు ఉంటే, కనిపించగానే అరెస్టు చేసే అధికారం కూడా జతచేయవచ్చు. ఆ ఉత్తర్వును ఉల్లంఘిస్తే కోర్టు ధిక్కారం, రెండేళ్ల దాకా జైలు. టెనెంట్ మీదే తెస్తే మాత్రం జాగ్రత్త. ఆయన పాటించగల స్థితిలో లేకపోతే ఆర్డర్ ఆయన్ని బాగుచేయదు, జైలు వైపు ఒక మెట్టు దించుతుంది.

రెండోది క్లోజర్ ఆర్డర్. ఇది మీ చేతిలో లేదు, పోలీసులు గానీ కౌన్సిల్ గానీ నోటీసు ఇచ్చి మేజిస్ట్రేట్ కోర్టుకు వెళ్లాలి. చాలా వేగంగా నడుస్తుంది, నోటీసు ఇచ్చాక 48 గంటల్లో విచారణకు రావాలి. మూడు నెలల దాకా ఇంటిని మూసేయవచ్చు, పొడిగించినా మొత్తం ఆరు నెలలకు మించకూడదు. మీ కేసుకు పనికొచ్చేది దీనిలో పాక్షికంగా మూసే పద్ధతి: ‘టెనెంట్, ఆయన నర్సు, సోషల్ వర్కర్, హౌసింగ్ వాళ్లు తప్ప ఇంకెవరూ ఈ గడప తొక్కకూడదు’ అని. అది తలుపు మీద అంటించి ఉంటే, ఇన్నాళ్లూ ‘వద్దు’ అనలేకపోయిన మనిషి వేలెత్తి ఆ కాగితం చూపిస్తే సరిపోతుంది. ‘నేను కాదురా, కోర్టు వద్దంది’ అనగలడు. భయస్థుడికి ఇంతకంటే మంచి తాళం ఇంకోటి లేదు.

దీనికి ఒక మెలిక ఉంది, మీ మేనేజరుకు ఇది తెలిసే ఉంటుంది. ఇంటి మీద 48 గంటలకు మించి క్లోజర్ పడితే, మీ సంస్థకు గ్రౌండ్ 7ఏ అనే గట్టి దారి తెరుచుకుంటుంది. అందులో జడ్జికి కాదనే వెసులుబాటు చాలా తక్కువ. ఆ దారి తెరుచుకున్నంత మాత్రాన నడిచి తీరాలని కాదు. అందుకే క్లోజర్‌కు వెళ్లేముందే మేనేజరుతో కూర్చుని, ‘ఆయన సహకరిస్తే 7ఏ వాడం’ అని ఫైల్లో రాయించుకోండి. తర్వాత మేనేజరు మారినా ఆ కాగితం ఉంటుంది.

ఆయన ఒప్పుకుంటే మూడో దారి, మరో ప్రాంతానికి ఇల్లు మార్చడం. కోకిలకు అడ్రసు తెలియని గూడు. దీనికి వెయిటింగ్ లిస్టు అడ్డం వస్తుంది, మేనేజరు గొణుగుతాడు, “గొడవ చేసినవాడికి కొత్త ఇల్లా?” అని పై ఫ్లాట్ వాళ్లు కూడా అంటారు. పైగా మనిషికి తోడు లేకపోతే కొత్త ఇంట్లోనూ అదే జరుగుతుంది. స్కాట్లండ్‌లోని డండీలో 1990ల మధ్యలో ఒక ప్రయత్నం మొదలైంది. గొడవల వల్ల ఇళ్లు పోగొట్టుకున్న, పోగొట్టుకోబోతున్న కుటుంబాలను ఇంకా దూరం తరమకుండా, దగ్గర పెట్టుకుని, పొద్దున పిల్లల్ని లేపి బడికి పంపడం దగ్గర్నుంచి నేర్పారు. కొన్ని కుటుంబాలను సిబ్బంది ఎప్పుడూ అందుబాటులో ఉండే ఒకే బ్లాకులో ఉంచారు. తర్వాత గ్లాస్గో విశ్వవిద్యాలయం వాళ్లు దాన్ని పరిశీలించి మంచి మాటే చెప్పారు, ఇంగ్లండ్‌లో చాలాచోట్ల దాన్ని అనుసరించారు. మీ ఊళ్లో అలాంటి ఫ్లోటింగ్ సపోర్ట్ (మనిషి ఉన్న ఇంటికే వచ్చి సాయం చేసే సేవ) ఏదైనా ఉందేమో కనుక్కోండి. వారానికి ఒక గంటే ఇస్తామన్నా తీసుకోండి.

ఏ దారిలో వెళ్లినా ఒకటి లేకుండా కోర్టు మెట్లు ఎక్కలేరు. అది రాత. 31 మెసేజ్‌ల్లో ఎన్ని పనికొస్తాయో చూశారా? “నైట్ అంతా ఒకటే గోల అక్కా, నరకం” అన్నది నిజమే, కానీ జడ్జి దానితో ఏమీ చేయలేడు. ఆ ఇంట్లో నర్సు ఉంది కదా, ఆవిడతో మాట్లాడండి. పేషెంట్ చార్టు రాసే చెయ్యి ఇలాంటివి బాగా రాస్తుంది. డైరీ షీట్ ఇలా ఉండాలి:

“మంగళవారం, 11వ తేదీ. రాత్రి 1:40 నుంచి 2:25 వరకు. కింది ఫ్లాట్ తలుపు గట్టిగా వేసిన చప్పుడు 6 సార్లు. ఇద్దరు మగవాళ్ల అరుపులు, మాటలు అర్థం కాలేదు. చిన్నవాడు లేచి ఏడ్చాడు, 3 దాటాక పడుకున్నాడు. నేను 5:30కి లేచి డ్యూటీకి వెళ్లాను. విన్నది నేను, మా అత్తగారు.”

ఇందులో తిట్టు లేదు, ఊహ లేదు. కానీ ఆ 5:30 చదివాక ఎవరికైనా గుండె కలుక్కుమంటుంది. ఇలాంటివి మూడు వారాలు, వీలైతే ఇంకో రెండు ఫ్లాట్ల నుంచి కూడా. మీ ఆఫీసు నాయిస్ యాప్ వాడుతుంటే ఫోన్లోనే రికార్డు చేయమనండి, లేదా కౌన్సిల్ నుంచి రికార్డింగ్ మెషీన్ ఇప్పించండి. కోర్టుకు వచ్చి చెప్పడానికి భయపడేవాళ్లుంటే బలవంతం చేయవద్దు. వాళ్లు చెప్పింది మీరు మీ స్టేట్‌మెంట్‌లో పేర్లు లేకుండా చెప్పవచ్చు. సివిల్ కోర్టు తీసుకుంటుంది, బరువు మాత్రం తగ్గుతుంది. ఒక్కరైనా పేరు చెప్పి నిలబడితే ఆ తూకమే వేరు.

మెయిన్ డోర్ తాళం రెండుసార్లు విరిగిందన్నారు, బాగుచేయించారా? ఉత్తరంలో ఆ మాట లేదు. కెమెరా పెట్టించండి, మెట్ల దగ్గర లైటు మార్పించండి. దీనికి ఏ జడ్జీ అక్కర్లేదు, రిపేర్ల వాళ్లకు ఒక ఆర్డర్ చాలు. పైవాళ్లకు “ఆఫీసు కదిలింది” అని మొదట కనిపించేది కూడా అదే.

మిక్సీ ఫిర్యాదును చెత్తబుట్టలో వేయకండి. అది పగతో వచ్చిందే కావచ్చు, కానీ రిజిస్టర్‌లో ఉంది, దానికీ జవాబు ఉండాలి. 2022లో హౌసింగ్ ఆంబుడ్స్‌మన్ (ఇలాంటి సంస్థల మీద టెనెంట్ల ఫిర్యాదులు విచారించేవారు) చప్పుళ్ల మీద ఒక పెద్ద నివేదిక ఇచ్చారు. మామూలుగా బతుకుతుంటే వచ్చే చప్పుడును, గొడవను ఒకే గాటన కట్టవద్దని దాని సారం. పిల్లల అడుగుల చప్పుడు గొడవ కాదు, పాత బ్లాకుల్లో ఫ్లోరింగ్ పలచన. మిక్సీ కింద దళసరి రబ్బరు మ్యాట్ వేయమని, దోసెల పిండి ముందురోజు సాయంత్రమే రుబ్బుకోమని చెప్పండి. పెద్దావిడ ముఖం ముడుచుకుంటారు, తెలుసు. అల్లం చట్నీ పొద్దున్నే తాజాగా ఉండాలంటారు! అయినా చెప్పండి. రేపు కోర్టులో “ఇద్దరి ఫిర్యాదులూ ఒకేలా చూశాం” అని మీ సంస్థ చెప్పగలగాలి.

ఇప్పుడు మీకు నచ్చని మాట. ఆ కుటుంబంతో మీకున్న పరిచయాన్ని మేనేజరుకు ఇంకా రాసి ఇవ్వలేదని ఉత్తరం చదివితే తెలుస్తోంది. ఇవాళే మెయిల్ పెట్టండి. రెండు లైన్లు చాలు: ఎలా పరిచయం, ఎప్పటి నుంచి, సొంత ఫోన్‌కు మెసేజ్‌లు వస్తున్నాయి. ఇది చేయకుండా కేసు నడిపితే, గెలిచాక అవతలి లాయరు కనుక్కున్నా, ఓడిపోయాక తమ్ముడే కోపంతో చెప్పినా పోయేది మీ ఉద్యోగం. చెప్పాక రెండు జరగవచ్చు. కేసు ఇంకొకరికి ఇచ్చేయవచ్చు. అప్పుడు మీకు నిద్ర పడుతుంది, కానీ ఆ కోటు సంగతి చూసిన కళ్లు మీవి, కొత్తగా వచ్చేవాళ్లకు ఫైలే తెలుసు. కాబట్టి ఇచ్చే ముందు మీరు చూసింది అక్షరం వదలకుండా రాసి ఇవ్వండి. లేదా, టెనెంట్ వైపు మీరు చూసుకుని, ఫిర్యాదుదారుల వైపు ఇంకో ఆఫీసర్ చూసుకునేలా పంచవచ్చు. నాకు రెండోది బాగుందనిపిస్తోంది. ఆ టెనెంట్ గురించి మీకు తెలిసింది తమ్ముడి దాకా జారిపోయే ప్రమాదం కూడా దానితో తగ్గుతుంది. ఆయన జబ్బు, మందులు, పోలీసు రిఫరల్, ఏ ఒక్కటీ పై ఫ్లాట్‌కు తెలియకూడదు. “ఏం చేస్తున్నారో ఎందుకు చెప్పరు?” అని అడుగుతారు. “కొన్ని చెప్పడానికి వీల్లేదు, కానీ ప్రతి శుక్రవారం మా ఆఫీసు మీకు ఫోన్ చేస్తుంది” అని చెప్పించండి. చెప్పడానికి ఏమీ లేని శుక్రవారం కూడా ఆ ఫోన్ వెళ్లాలి.

వాళ్లకు ఉన్న హక్కులు కూడా చెప్పండి, మీ సంస్థ మీదికే తిరగబడేవైనా సరే. రాత్రి చప్పుడు మీద కౌన్సిల్ ఎన్విరాన్‌మెంటల్ హెల్త్‌కు ఫిర్యాదు చేయవచ్చు. ఆరు నెలల్లో మూడుసార్లు ఫిర్యాదు చేసినా కదలిక లేకపోతే ‘కేసు రివ్యూ’ కోరవచ్చు, పోలీసులు, కౌన్సిల్, మీ సంస్థ ఒకే గదిలో కూర్చుని సమాధానం చెప్పాలి. మీ సంస్థ మీద రెండు దశల్లో కంప్లైంట్ పెట్టి, అప్పటికీ తృప్తి లేకపోతే ఆంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లవచ్చు. మేనేజరుకు ఇది రుచించదు. కానీ నా అనుభవంలో మందకొడి పోలీసు బృందాన్ని మీటింగుకు రప్పించింది నా మెయిళ్లు కాదు, పొరుగువాళ్లు పెట్టిన రివ్యూ దరఖాస్తే.

ఉద్యోగం మానేయడం గురించి మీవారు అంటున్నది మీ మీద ప్రేమతోనే. ఆయనకు ఒక మాట అడగండి: మానేయమంటున్నది ఉద్యోగాన్నా, రాత్రి పదింటికి మోగే ఫోన్‌నా? నాకైతే ఫోన్ అనే అనిపిస్తోంది. తమ్ముడికి ఆఫీసు నంబరు ఇచ్చి, “ఇక ఈ విషయం మీద నా ఫోన్‌కు వచ్చినదానికి జవాబివ్వను” అని ఒక్కసారి మర్యాదగా చెప్పి, ఆ మాట మీద నిలబడండి. పాత 31 మెసేజ్‌లు డిలీట్ చేయవద్దు, ఆఫీసు ఫైల్లోకి ఎక్కించండి. ఒక నెల చూడండి. అప్పటికీ నిద్ర పట్టకపోతే మానేయడం గురించి మాట్లాడుకుందాం, మళ్లీ రాయండి.

జాలి సంగతి అడిగారు. ఆయన మీద జాలి పడ్డారు, బాగుంది. అదే ఉత్తరంలో 3 గంటలకు లేచే పసివాడి గురించి అర లైనే రాశారు. పక్షపాతమేదైనా ఉంటే నాకు అక్కడ కనిపించింది, జాలిలో కాదు. తమ్ముడు చనువు తీసుకుని విసిగించడం వల్ల అతని ఇంట్లోవాళ్ల బాధ కూడా మీకు విసుగ్గా వినిపిస్తోందేమో చూసుకోండి.

ఇక ఉగాది భోజనం. పై ఫ్లాట్ పెద్దావిడ మీ ఇంటిల్లిపాదినీ పిలిచారు, వెళ్లకపోతే బాధపడతారు, వెళితే ఎలాగో అన్నారు. ఈ ఏడాది వెళ్లవద్దు. పిల్లలకు పరీక్షలని, ఒంట్లో బాగాలేదని అబద్ధం చెప్పవద్దు. ఆవిడకే ఫోన్ చేసి, “మీ ఫిర్యాదు మా ఆఫీసులో ఉన్నన్నాళ్లు నేను మీ ఇంట్లో అన్నం తింటే, రేపు అది మీకే చెరుపు పిన్నీ” అనండి. పెద్దవాళ్లకు ఇది మనకంటే త్వరగా అర్థమవుతుంది. పచ్చడి డబ్బాలో పెట్టి పంపిస్తానంటారు. అదీ కేసు ముగిశాకే అని చెప్పండి.